సుబ్బరావమ్మ ఆపిన కబురు

సుబ్బరావమ్మ గడప తొక్కినవాళ్ళెవరైనా ముందు అన్నం తినాలి, ఆ తర్వాతే వచ్చిన పనేమిటో చెప్పుకోవాలి. మీటరు రీడింగుకి వచ్చిన మనిషికీ అదే న్యాయం, పెళ్ళిసంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనుషులకీ అదే న్యాయం. "తినేసి వచ్చామండీ" అన్న మాట ఆమెకు వినపడదు. మిగతా అన్ని సంగతుల్లోనూ ఆవిడవి పాము చెవులే. ఊళ్ళో ఆమెను వెక్కిరించేవాళ్ళకు కొదవలేదు గానీ, ఆ వెక్కిరించేవాళ్ళలో ఆమె చేతి అన్నం తిననివాడు ఒక్కడంటే ఒక్కడు లేడు.

పెదనందిపాడు దాటాక, నల్లరేగడి చేల నడుమ ఉంటుంది వాళ్ళ ఊరు. ఆమె భర్త బుల్లయ్యది మిరప, పత్తి సేద్యం. ఒక్కగానొక్క కొడుకు కోటేష్ గుంటూరు శివార్లలోని ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. ఆ కాలేజీకి ఎక్కడెక్కడి దేశాల నుంచో పిల్లలు వచ్చి చదువుతారు. ఊరు కాని ఊర్లో ఒంటరిగా ఉండకూడదని, ఒక్కొక్క పిల్లనో పిల్లాణ్ణో ఒక్కొక్క ఇంటికి అప్పజెప్పే ఏర్పాటు ఒకటి ఆ కాలేజీ పెట్టింది. ఆదివారాలూ పండగలూ ఆ ఇంట్లో గడపాలి, ఆ ఇంటి మనుషుల్లో కలిసిపోవాలి. కోటేష్ ఎవర్నీ అడక్కుండా తన ఇంటిని ఆ జాబితాలో రాయించేసి వచ్చి, తల్లికి ఆ తర్వాత చెప్పాడు.

"ఏ దేశం పిల్లరా?"

"ఆఫ్రికాలో టాంజానియా అమ్మా. సముద్రం పక్కన ఊరంట."

"అన్నం తింటారా వాళ్ళు?"

"తింటారు."

"అయితే తీసుకురా. ఇంకేం చూడాలి?"

అలా వచ్చింది రెహెమా. అగ్రికల్చర్ చదివే పిల్ల. పొడుగ్గా, పల్చగా, తలకు గుడ్డ చుట్టుకుని, నవ్వితే గది నిండిపోయేట్టు ఉండేది. మొదటిరోజే "మా ఇంట్లో కూడా మిరపకాయ బాగా తింటాం" అని ఇంగ్లీషులో గొప్పలు పోయి, పండుమిరప పచ్చడి పెద్ద ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. తర్వాత కాసేపు ఆ పిల్ల టాంజానియాలో ఉందో, పెదనందిపాడు పక్కన ఉందో ఆమెకే తెలియలేదు. చెంబెడు మజ్జిగ తాగి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ అదే పచ్చడి వైపు చెయ్యి చాపింది. సుబ్బరావమ్మ మనసు పడిపోయింది ఆ చాపిన చేతికే. అంతకుముందు దాకా అతిథి, ఆ తర్వాత ఇంటి పిల్ల.

బుల్లయ్య నోటికి రెహెమా అనే పేరు తిరగక రమ అయింది. సుబ్బరావమ్మను మొదట ఆంటీ అనేది. "ఆంటీ ఏందే, బస్సులో సీటు అడిగినట్టు, పిన్నీ అను" అని దిద్దితే పిన్నీ అనడం మొదలుపెట్టింది. రెండో ఏడాదికి తెలుగు వచ్చింది. మూడో ఏడాదికి తెలుగులో పోట్లాడటమూ వచ్చింది.

ఆ పిల్లను పెంచింది అమ్మమ్మ. ఆవిణ్ణి వాళ్ళ భాషలో బీబీ అని పిలిచేది. తల్లి వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటుంటే, మనవరాల్ని చదివించిందంతా ఆ ముసలావిడే. ఆదివారం సాయంత్రాలు వీడియోకాల్‌లో బీబీ కనపడేది. ఆమెకు తెలుగు రాదు, సుబ్బరావమ్మకు ఆమె భాష రాదు. అయితేనేం, ఇద్దరూ అరగంట మాట్లాడుకునేవాళ్ళు. ఈమె ఎండు మిరపకాయ పైకెత్తి చూపిస్తే ఆవిడ కొబ్బరికాయ పైకెత్తి చూపించేది. ఈమె తన మోకాలు చూపించి మొహం చిట్లిస్తే, ఆవిడ తన రెండు మోకాళ్ళూ చూపించి ఇంకా గట్టిగా మొహం చిట్లించేది. మధ్యలో రెహెమా కడుపు పట్టుకుని నవ్వేది. ఆ ఇద్దరాడవాళ్ళకూ స్నేహం కలిసిందని నేనంటే కాదనేవాళ్ళు ఎవరైనా ఉంటే రండి, వాదిస్తాను.

సంగతి జరిగింది ఈ ఏడు మిరప కల్లాల రోజుల్లో. కోసిన కాయంతా కల్లంలో ఎర్రగా పరిచి ఆరబెట్టారు. ఆరిన కాయలో రంగు పోయిన తాలు కాయల్ని కూలీలు కూర్చుని ఏరుతున్నారు. రెహెమాకి ఆ పని మహా ఇష్టం. ఆదివారం పొద్దున్నే వచ్చి, టీ మాత్రం తాగి, కల్లంలోకి వెళ్ళిపోయేది. ఫోన్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళేది. అంతకుముందు ఒకసారి కారం చేతులతోనే ఫోన్ ఎత్తి, దాన్ని చెంపకు ఆనించుకుని, ఆ పూటంతా మంచంలో మూలిగింది. అప్పటినుంచీ కల్లంలోకి ఫోన్ రాకూడదని సుబ్బరావమ్మ శాసనం.

ఆ ఆదివారం ఇంట్లో ఫోన్ మోగింది. ఆగి మళ్ళీ మోగింది. మళ్ళీ మళ్ళీ మోగుతుంటే కోడలు నాగజ్యోతి తీసి మాట్లాడింది. హాస్టల్లో రెహెమాతో ఉండే వాళ్ళ దేశపు పిల్ల. ఇంటి దగ్గర బీబీ తెల్లవారుజామున పోయిందట. వాళ్ళమ్మ ఎంత చేసినా రెహెమా ఫోన్ ఎత్తడం లేదట. వెంటనే ఇంటికి చెయ్యమని చెప్పమంది.

నాగజ్యోతి వంటింట్లోకి పరుగెత్తింది. వింటూనే సుబ్బరావమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మోకాళ్ళు చూపించిన ముసలావిడ కళ్ళ ముందు కదిలింది. కొంగుతో కళ్ళొత్తుకుని, బయటికి వెళ్ళబోతున్న కోడలి చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికే?"

"చెప్పొద్దా అత్తయ్యా? వెంటనే చెయ్యమన్నారు."

"చెపుదువుగాని. పొద్దుట్నించీ ఖాళీ టీతో ఉంది పిల్ల. ముందు నాలుగు ముద్దలు తిననియ్యి. చెప్పాక పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు."

"పాపం, వాళ్ళమ్మ కంగారుపడతా ఉంటదేమో."

"పోయినామెను ఇప్పుడే తీసుకుపోతారేంటే? కొడుకులూ కూతుళ్ళూ దూరాలనించి రావొద్దా? రేపటిదాకా ఐసు పెట్టెలో పెడతారు. గంటలో మునిగిపోయేదేం లేదు."

సుబ్బరావమ్మ ఈ మాట ఊరికే అనలేదు. ఆమెకు పెళ్ళయిన కొత్తల్లో కనిగిరి దగ్గర పుట్టింట్లో తండ్రి పోయాడు. కబురు మోసుకొచ్చిన మనిషిని అత్తగారు పెరట్లోనే ఆపేసి, కోడలికి కంచం నిండా పెట్టి, దగ్గర కూర్చుని తినిపించి, చెయ్యి కడిగాక చెప్పింది. ఆ రోజంతా బస్సులు మారుతూ, ఏడుస్తూ వెళ్ళి తండ్రి మొహం చూసుకుందంటే, ఆ తిన్న అన్నమే నిలబెట్టిందని సుబ్బరావమ్మ నమ్మకం. అత్తగారు ఆమెను చాలా విషయాల్లో రాచి రంపాన పెట్టింది. కానీ ఆ ఒక్క పూట కోసం మిగతావన్నీ మాఫీ చేసేసింది సుబ్బరావమ్మ. అలాంటి మనిషికి, చావు కబురు ముందు కంచం పెట్టడమంటే ఆచారం కాదు, ప్రేమ. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఆమె మీద నాకు కోపం వస్తుంది కాబట్టి.

రెహెమా కల్లం నుంచి వచ్చింది. చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. "నా ఫోన్ ఏది పిన్నీ?" అనడిగితే, "ఛార్జింగ్ పెట్టాం లేమ్మా, తిను ముందు" అంది సుబ్బరావమ్మ. ఆ ఫోన్ మోత వినపడకుండా పక్క గదిలో ఉంది. పప్పు, వంకాయ కూర, పెరుగు. ఆ పిల్ల కబుర్లు చెబుతూ తింటోంది. ఆ రోజు కబుర్లన్నీ బీబీ గురించే కావడం ఏం ఖర్మమో. చదువైపోయి ఇంటికి వెళ్ళేటప్పుడు బీబీకి ఒక బస్తా మిరపకాయలు పట్టుకెళ్తుందట. ఆవిడ వీధంతా పంచి, ఇవి నా మనవరాలు ఏరినవి అని చెప్పుకుంటుందట. నాగజ్యోతి పెరట్లోకి వెళ్ళిపోయింది. సుబ్బరావమ్మ మాత్రం కదలకుండా కూర్చుని, "అవునా", "ఇంకాస్త పెరుగు వేసుకో" అంటూ వడ్డించింది. తను ముద్ద దిగక మజ్జిగ తాగి ఊరుకుంది.

తిన్నాక చెప్పెయ్యాల్సింది. కానీ పొద్దుటి ఎండ, నిండిన కడుపు, ఆ పిల్ల చాప మీద ఒరిగి, చిటికెలో నిద్రపోయింది. కోడలు కళ్ళతోనే అడిగింది. "కాసేపు పడుకోనియ్యి. మళ్ళీ ఎన్నాళ్ళకి కంటి నిండా నిద్రపడుతుందో" అంది అత్త. అన్నం దాకా ఆగడం వాళ్ళ అత్తగారు నేర్పింది. నిద్ర దాకా ఆగడం ఈవిడ సొంత పైత్యం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

లేచాక పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని, మెల్లగా చెప్పింది. రెహెమా లేచి పక్క గదిలోకి పరుగెత్తింది. ఫోన్ తీసుకుంది. వీడియోలో వాళ్ళ ఇల్లు, నిండా ఆడవాళ్ళు, చాపలు. తల్లి మొహం వాచిపోయి ఉంది. వాళ్ళ భాషలో ఏవో మాటలు, ఏడుపులు, మళ్ళీ మాటలు. ఫోన్ పెట్టేశాక ఆ పిల్ల నేల చూస్తూ, సుబ్బరావమ్మకు అర్థమయ్యేలా తెలుగులోనే చెప్పింది.

"తీసుకెళ్ళిపోయారు. మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి కూడా ఇచ్చేశారు. మా అమ్మ ఫోన్ పట్టుకుని బీబీ పక్కనే కూర్చుందంట. నేను ఫోన్‌లో చూస్తానని, నా కోసం మొహం మీద గుడ్డ కప్పకుండా ఆపిందంట. ఎంత చేసినా నేను ఎత్తలేదు. ఇక పెద్దవాళ్ళు కప్పేశారు."

నాగజ్యోతి వైపు తిరిగి అడిగింది. "వదినా, మీకు ఎప్పుడు తెలుసు?"

నాగజ్యోతి తలొంచుకుంది.

"నేను అన్నం తింటున్నాను. బీబీ గురించి చెపుతున్నాను. నవ్వుతున్నాను. మీకు తెలుసు." అంతే, ఇంకొక్క మాట లేదు. అరిస్తే బాగుండేది. సంచీ సర్దుకుంది. కోటేష్ బండి మీద హాస్టల్లో దించి వచ్చాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాత ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మొదట్లో సుబ్బరావమ్మకు ఉక్రోషం వచ్చింది. అన్నం పెట్టడం కూడా తప్పేనా ఈ రోజుల్లో? సొంత కూతురైతే ఏం చేసేదాన్నో అదే చేశాను గదా? బుల్లయ్య కూడా వంత పాడాడు. "నువ్వేం చెడు తలిచావే? చిన్నపిల్ల, నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటది" అన్నాడు. సుబ్బరావమ్మ సర్దుకోలేదు. వండేది, పెట్టేది, కానీ ఎవర్నీ ఇంకో ముద్ద తినమని బలవంతపెట్టడం మానేసింది. అది చూసి ఇంట్లోవాళ్ళకి భయం వేసింది.

ఒకరోజు కల్లంలో జుబేదా దగ్గర కూర్చుంది. జుబేదా కూలీల ముఠాకి పెద్ద, వాళ్ళ వీధి మనిషే, చిన్నప్పటినుంచీ ఒకరికొకరు మొహమాటం లేదు. సుబ్బరావమ్మ తన బాధంతా వెళ్ళబోసుకుంది. జుబేదా తాలుకాయ పక్కన పడేసి, ఆమె వైపు చూసింది.

"పోయినవాళ్ళని మేం ఎక్కువసేపు ఉంచం గదా సుబ్బరావమ్మా. నీకు తెలీదా?"

"నాకెట్టా తెలుస్తది?"

"బాగుంది. మా మామ పోయిన రోజు గుర్తులేదా? నువ్వు పొలం నుంచి వచ్చి మా ఇంటికి చేరేసరికి ఎత్తేశారని, నేనొచ్చేదాకా ఆగలేరా అని నా మీదే గొంతు చించుకున్నావు. ఆఖరి చూపన్నా దక్కనియ్యలేదని నెలరోజులు నాతో మాట్లాడలేదు."

సుబ్బరావమ్మ నాలుక కరుచుకుంది. నిజమే. వీధిలోని ముసలాయన మొహం చూడనందుకే అంత గోల చేసిన మనిషి తను. తండ్రి మొహం చూడటానికి కనిగిరి దాకా ఏడుస్తూ పోయిన మనిషి తను. ఆ చూపునే ఆ పిల్లకు దక్కకుండా చేసింది. పెంచిన తల్లి ఆఖరి చూపు. బస్సులు మారి పోవాల్సిన పని కూడా లేదు, చేతిలో ఫోన్ పెడితే సరిపోయేది. ఆ ఫోన్‌ని పక్క గదిలో పెట్టి, పెరుగు వేసుకోమని బతిమాలింది. కల్లంలో అందరి ముందూ సుబ్బరావమ్మ భోరున ఏడ్చింది. మిరప ఘాటు అనుకోమని ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ క్యారేజీ సర్దింది. సర్దిన క్యారేజీ చూసి కాసేపు నిలబడింది. దాన్ని అరుగు మీదే వదిలేసి, ఖాళీ చేతులతో గుంటూరు బస్సెక్కింది. పలకరించడానికి వెళ్తోంది. మన వైపు మనిషి పోతే ఎవరెవరో వచ్చి పలకరిస్తారు. ఆ పిల్లని ఇన్నాళ్ళలో ఎవరు పలకరించారు? ఈ ఆలోచన బస్సులోనే వచ్చింది, దాంతో ఇంకాస్త సిగ్గేసింది.

హాస్టల్ వరండాలో సిమెంటు బెంచీ ఉంది. కబురు పంపితే రెహెమా దిగి వచ్చింది. చిక్కిపోయింది. బెంచీ రెండో చివర కూర్చుంది. సుబ్బరావమ్మ బాగున్నావా అని అడగలేదు. పలకరింపుకి వెళ్ళినప్పుడు అడిగే మాట అది కాదు.

"బీబీ ఎట్టా పోయిందమ్మా?"

"ఇప్పుడెందుకు అడుగుతున్నారు?"

"మా వైపు అట్టాగే అడుగుతారు. వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. ఇంట్లోవాళ్ళు వచ్చిన ప్రతివాళ్ళకీ మొదట్నించీ చెపుతారు. మా నాన్న పోయినప్పుడు మా అమ్మ ఎంతమందికి చెప్పిందో. చెప్పగా చెప్పగా ఆమెకే కాస్త నమ్మకం కుదిరింది."

రెహెమా తలగుడ్డ సర్దుకుంది. తర్వాత మొదలుపెట్టింది. ముందురోజు బీబీ కొట్టుకి వెళ్ళి రావడం, రాత్రి ఆయాసం, తెల్లవారుజామున నీళ్ళు అడగడం. తెలుగులో మొదలుపెట్టింది, మాట దొరకని చోట ఇంగ్లీషులోకి వెళ్ళింది, ఆ తర్వాత వాళ్ళ భాషలోకి వెళ్ళిపోయింది. అందులోనే చివరిదాకా చెప్పింది. సుబ్బరావమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక్క ముక్క వదలకుండా విన్నది. ఊ కొట్టాల్సిన చోట ఊ కొట్టింది.

అంతా అయ్యాక చెప్పింది. "నీకు ఆఖరి చూపు లేకుండా చేసింది నేనే. మీవాళ్ళు కాదు, ఫోన్ కాదు, నేను. కబురు తెలిసీ ఆపాను. అది నేను తెచ్చి ఇవ్వగలిగేది కాదు."

తినాలని ఆపాను, నీ మంచికే ఆపాను అని ఒక్క మాట అనలేదు. ఆ మాట గొంతు దాకా వచ్చి ఉంటుంది, ఆమె సంగతి నాకు తెలుసు. మింగేసింది.

రెహెమా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అంది. "మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది పిన్నీ. ఆ రోజు నీకు చెప్పేసరికి ఎవరైనా పక్కన ఉన్నారా, ఏమన్నా తిన్నావా అని. నేను చెప్పలేదు."

"ఎందుకని?"

"చెపితే మా అమ్మ మీకు థ్యాంక్స్ చెపుతుంది. నాకు అది ఇష్టం లేదు."

సుబ్బరావమ్మ తల ఊపింది. ఆ మాట సూటిగా గుండెల్లో దిగింది, అయినా అందులో ఎక్కడా అన్యాయం కనపడలేదు ఆమెకు. క్లాసుల గంట కొట్టారు. సుబ్బరావమ్మ లేచి, ఏమీ అనకుండా గేటు వైపు నడిచింది.

"పిన్నీ!" వెనకనుంచి కేక. "చెప్పకుండా వెళ్ళిపోతున్నారా?"

సుబ్బరావమ్మ ఆగింది. "పలకరించడానికి వచ్చినవాళ్ళు వెళ్ళొస్తానని చెప్పకూడదమ్మా. మళ్ళీ ఇట్టాంటి పని మీద రావాలని ఎవరు కోరుకుంటారు? అందుకని ఊరికే లేచి వెళ్ళిపోతారు."

రెహెమా ఆలోచించింది. దగ్గరికి వచ్చింది, కానీ మరీ దగ్గరికి రాలేదు.

"నాకు కోపం పోలేదు."

"పోనక్కర్లేదమ్మా."

"చాలా రోజులు ఉంటుంది."

"ఉండనియ్యి."

"మీరు చెప్పకూడదు సరే. నేను చెప్పొచ్చు కదా? ఆదివారం వస్తాను. కోపంతోనే వస్తాను."

సుబ్బరావమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల ఊపి, బస్టాపు వైపు తిరిగింది.